కాశీమజిలీ కథలు – పెన్నేటి సీమ శ్రోతలు

సాహిత్య చరిత్ర కవులకు స్థానము కల్పించును, చదువరులకు కల్పింపదు. ఏ కవి యేనాటివాడు, ఎవరి యాస్థానమున నుండెను, ఎన్ని కృతులు రచించెను అను విషయములు మన చరిత్ర గ్రంథములలో విపులముగా చర్చింపబడినవి. ఆ కృతులను చదువుటకు వలసిన పాఠకుడు ఎట్లు తయారయ్యెను, అతనికి పుస్తకముపై మొదటి మమకారము కల్పించిన దెవరు అను ప్రశ్నకు మాత్రము వానిలో సమాధానము దొరకదు. మనలో ననేకులు మనుచరిత్రమును కళాశాలలో చదివిరి. కాని చదువునందలి రుచి యంతకు చాల పూర్వమే, పది పండ్రెండేండ్ల ప్రాయమున, ఏ మాంత్రికుని గుహయందో, ఏ రాజకుమారుడు దాటిన యేడు సముద్రముల నడుమనో పుట్టినది. ఆ రుచిని కల్పించిన గ్రంథకర్తను పెద్దవారమైన పిదప పేర్కొనుటకు మనము సంకోచింతుము. చిన్ననాటి పుస్తకమని చిరునవ్వుతో దాటిపోవుదుము.

అట్టి గ్రంథకర్తలలో ముందుగా స్మరింపదగినవారు మధిర సుబ్బన్న దీక్షితులు (1868-1928). రాజమహేంద్రవరమునకు చెందిన యీ పండితులు పండ్రెండు సంపుటములుగా వెలయించిన కాశీమజిలీ కథలు తెలుగుదేశమున నెన్ని తరములవారికి వినోదము కూర్చినవో లెక్కింపలేము. ఆ కథల మూలములను శోధించుట ఈ వ్యాసమున నా యుద్దేశము కాదు. గోదావరి యొడ్డున పుట్టిన యీ కథలు వాన కఱవైన పెన్నేటి సీమలో నేల వేరూనినవి, వాని ప్రభావము ఏ రూపమున నిలిచినది అనునంత మాత్రమే విచారింపదలచితిని. ఆ ప్రభావము కథలలోని యద్భుతముల వలనకంటె, కథ నడుగువానికి దీక్షితులు ఇచ్చిన స్థానమువలన ఎక్కువగా కలిగినదని నా యభిప్రాయము.

పరిశీలనకు పామిడిని ఎన్నుకొనుటకు కారణము కలదు. అనంతపురము జిల్లాలో, ఉత్తరమున గుత్తికిని దక్షిణమున అనంతపురమునకును నడుమ, పెన్నానది యొడ్డున నున్న ఊరు పామిడి. ఏటి గట్టున భోగేశ్వరస్వామి ఆలయము, ఊరిలో వస్త్ర వ్యాపారము, చెంతనే హైదరాబాదు-బెంగుళూరు రహదారి. కర్ణాటకమున నంది కొండలలో పుట్టిన పెన్న ఉత్తరముగా ప్రవహించి వచ్చి, ఈ ప్రాంతమున తూర్పునకు మళ్లి, తాడిపత్రి మీదుగా కడప జిల్లాలో ప్రవేశించును. నది యనుటయే గాని యేటిలో నెక్కువ నెలలు ఇసుకయే కనబడును. జిల్లా సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. 1876-78 నాటి మహాక్షామము విరుచుకుపడునాటికి ఈ సీమ యింకను బళ్లారి జిల్లాలో భాగము. అనంతపురము ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది 1882లో. ఇట్టి సీమలో బాటయు నేరును కలిసికొను చోట నున్న ఊరు మజిలీ యగుట సహజము. ఏరు పొంగిన నాడు బాటసారి యాగక తప్పదు. ఎండిన నాడు చెలమ త్రవ్వి దాహము తీర్చుకొనుటకైన నాగవలెను.

పామిడిలో నా బాల్యమున మా యింట కాశీమజిలీ సంపుట మొకటి యుండెడిది. దానికి అట్టలు లేవు. చివరి పుటలు కూడ లేవు. రాత్రి భోజనములైన పిదప వీథి యరుగుమీద లాంతరు పెట్టుకొని మా తాతగారు చదువుచుండగా ఇరుగుపొరుగువారు చేరి వినెడివారు. వారిలో అక్షరము రానివారే యెక్కువ. పుటలు ముగిసిన చోట కథ ముగియలేదు. తరువాత నేమాయె నని యడిగినవారికి తాతగారు తమకు తోచిన ముగింపు చెప్పిరి. మఱునాడు వినువారిలో నొకరు, అది యట్లు కాదని, వేఱొక ముగింపు చెప్పిరి. చాల సంవత్సరములకు పూర్తి ప్రతి నాకు లభించినపుడు చూడగా, గ్రంథములోని ముగింపు మా యరుగుమీది ముగింపులలో దేనికిని సరిపోలలేదు. నాకు నిరాశ కలుగలేదు. ఇంతకు ఆ కథ యెవరిది యను సందేహము కలిగినది. ఈ వ్యాసమునకు మూలము ఆ సందేహమే.

మొదట 'మజిలీ' యను పదమును గూర్చి కొంత చెప్పవలెను. అరబ్బీలోని 'మంజిల్' శబ్దము పారసీక, ఉర్దూల మీదుగా తెలుగున చేరి మజిలీ యైనది. ప్రయాణమున విశ్రమించు తావు అని దాని యర్థము. ఒక తావునుండి మఱియొక తావునకు గల దూరమును కూడ మజిలీ యనుట కలదు. 1830 మే 18న చెన్నపట్టణమునుండి బయలుదేరి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి యిల్లు చేరిన ఏనుగుల వీరాస్వామయ్య రచించిన కాశీయాత్ర చరిత్ర (1838) మజిలీ వెంబడి మజిలీగా సాగును. నీరు దొరకునా, సరకులు దొరకునా, బాట యెట్టిది, దిగుటకు వసతి కలదా యను విషయములు అందు ముఖ్యములు. కాశీయాత్ర కాలినడకతోను, బోయీల భుజములమీదను సాగిన కాలపు వాస్తవము అది.

ఆ కాలము ఎంతో దూరము నిలువలేదు. మదరాసునుండి తాడిపత్రి, గుత్తి, గుంతకల్లుల మీదుగా రాయచూరు వఱకు వేసిన ఇనుపదారి 1871లో బొంబాయి వైపునుండి వచ్చిన దారితో కలిసినది. నెలల తరబడి సాగిన యాత్ర దినములలోనికి కుదించుకొనిపోయినది. దీక్షితులు జన్మించినది 1868. అనగా ఆయన కలము పట్టునాటికి కాశికి నడచిపోవుట అవసరముగా గాక జ్ఞాపకముగా మాఱుచుండెను. నేలమీద మజిలీలు మాసిపోవుచున్న వేళ ఆయన వానిని కాగితముమీద నిలిపిరి. వీరాస్వామయ్య ప్రతి మజిలీలోను నీటిని విచారించిరి. దీక్షితులు ప్రతి మజిలీలోను కథను విచారించిరి. మొదటి గ్రంథము యాత్రికునికి ఉపయోగించును. రెండవది యాత్రకు పోలేనివానికి ఉపయోగించును.

కాశీమజిలీ కథల చట్రము సుపరిచితమే యైనను, దానియందలి విశేషము తగినంతగా గుర్తింపబడలేదు. మణిసిద్ధుడను యతి కాశికి పోవ నిశ్చయించి తోడు వెదకును. దూరమును, శ్రమను తలచి యెవరును ముందుకు రారు. తుదకు పసులు కాచుకొను బాలు డొకడు అంగీకరించును. కాని యొక నియమము పెట్టును. దారిలో ప్రతి మజిలీయందును తాను చూచిన వింతను గూర్చి యడుగును; యతి దాని వృత్తాంతము చెప్పవలెను. యతి వద్ద నొక మణి కలదు. దాని ప్రభావమున జరిగిన దంతయు నాతనికి తెలియును. బాలుడు ఊరు చూచి వచ్చి, ఒక విగ్రహమునో, శాసనమునో, విచిత్రమైన యాచారమునో ప్రస్తావించి యడుగును. కథ ఆరంభమగును. ఒక మజిలీలో ముగియని కథ తరువాతి మజిలీకి సాగును. వినవలె ననిన నడువవలెను.

కథలో కథను కూర్చు పద్ధతి దీక్షితులు క్రొత్తగా కనిపెట్టినది కాదు. అది మన దేశమున అతి ప్రాచీనము. కాని పూర్వపు చట్రములలో వినువా డెవడు అని చూచినచో భేదము తెలియును. వేతాళకథలను విన్నవాడు రాజు. సింహాసన ద్వాత్రింశికలో సాలభంజికల కథలు విన్నవాడు భోజరాజు. ఈ సీమకే చెందిన పాలవేకరి కదిరీపతి తెనిగించిన శుకసప్తతిలో చిలుక కథలను వినినది సంపన్నుడగు వర్తకుని భార్య ప్రభావతి. ఈ శ్రోతలలో నెవరును కథ కావలెనని బేరమాడి తెచ్చుకొన్నవారు కారు. వేతాళుడు రాజును చిక్కుపెట్టుటకు చెప్పెను. బొమ్మలు భోజుని వారించుటకు చెప్పినవి. చిలుక ఇల్లాలిని గడప దాటకుండ నాపుటకు చెప్పెను. కథ వినువాని నేదో పనినుండి మఱల్చుటకు సాధనము. కాశీమజిలీలలో కథ వినువానిని ముందునకు నడిపించు సాధనము. అంతకంటె ముఖ్యముగా, అది అతని కూలి. యతికి తోడు వచ్చినందుకు పసులకాపరి తీసికొను ప్రతిఫలము ధనము కాదు, ధాన్యము కాదు, కథ. అది దానముగా గాక హక్కుగా అతనికి లభించుచున్నది.

బృహత్కథను గూర్చిన ఐతిహ్య మిచట స్మరణీయము. పైశాచీ భాషలో గుణాఢ్యుడు రచించిన మహాకథను శాతవాహన ప్రభువు నిరాకరింపగా, కవి అడవిలో అగ్ని రగిల్చి, ఒక్కొక్క పత్రమును మృగములకు చదివి వినిపించి నిప్పులలో వేయుచుండెనట. మృగములు మేత మాని విన్నవట. రాజు వంటశాలకు వచ్చిన మాంసము నిస్సారమగుటచే విచారింపగా సంగతి బయటపడి, మిగిలిన భాగము దక్కినదట. రాజు వినని కథను ఆకలి మఱచి విన్న శ్రోతలు అడవిలో దొరికిరి. ఈ యైతిహ్యమునకు చారిత్రక సత్యము ఎంత యను చర్చ యటుండనిండు. కథకు నిజమైన శ్రోత ఆస్థానమున లేడను భావము మన కథాసంప్రదాయపు మొదటి మాటయందే యున్నది. దీక్షితులు ఆ శ్రోతకు మనుష్యరూప మిచ్చి, నోరిచ్చి, అడుగు ధైర్య మిచ్చిరి.

ఆయన సమకాలమున అదే రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు (1848-1919) వచన రచనకు క్రొత్త దారులు వేయుచుండిరి. వారి సత్యరాజా పూర్వదేశ యాత్రలు కూడ అద్భుత ప్రయాణ కథయే. గలివరు యాత్రల ఛాయ దానిమీద కలదు. కాని పంతులుగారి యద్భుతమునకు ప్రయోజనము వెంటనే కనబడును. స్త్రీల రాజ్యమును చూపి వారు మన సంఘమునందలి యన్యాయమును ఎత్తిపొడిచిరి. దీక్షితుల యద్భుతమున కట్టి లక్ష్యము లేదు. సరళ గ్రాంథిక వచనమున, నడుమ నడుమ పద్యములతో, పురాణములనుండియు, సంస్కృత కథలనుండియు, జనశ్రుతినుండియు దొరికిన దెల్ల అల్లి, వినువానిని కూర్చుండబెట్టుటయే ఆయన పని. సంస్కరణమును లక్ష్యముగా పెట్టుకొన్న చరిత్రకారునకు ఆయన వెనుకటివాడుగా కనబడెను. కావ్యమును లక్ష్యముగా పెట్టుకొన్న విమర్శకునకు ఆయన సంకలనకర్తగా కనబడెను. శృంగార ఘట్టములు లేకపోలేదు గనుక బాలసాహిత్యమని చెప్పుటకును వీలు కాలేదు. మూడు వాకిళ్లలో దేనియందును చోటు దొరకక ఆయన అరుగుమీదనే నిలిచిపోయిరి. చదువరులు వచ్చి చేరినది ఆ యరుగుమీదికే.

ఇచట నొక గట్టి యాక్షేపణకు సమాధానము చెప్పవలెను. తిండికి, నీటికి కటకటలాడు సీమలో మణులు, మాయలు, రాజకన్యలు గల కథలు జనులకు మత్తుమందు వంటివి కావా యని యందురు. ఈ నేలకు తగిన సాహిత్యము విద్వాన్ విశ్వము (1915-1987) రచించిన పెన్నేటి పాట (1956) వంటిదని, ఎండిన యేటిని ఎండిన యేరుగానే చూపుట కవి ధర్మమని వాదింతురు. తరిమెలలో పుట్టిన విశ్వముగారి కావ్యము ఈ సీమ గుండెను చూపినదనుటలో సందేహము లేదు. కాని రెండింటికిని వైరము కల్పించుట సరికాదు. కఱవును వర్ణించు కావ్యము కఱవు నెఱిగినవాని బాధకు భాష నిచ్చును. అద్భుత కథ అతని ప్రశ్నకు భాష నిచ్చును. ఉన్నది ఇట్లున్నదని మొదటిది చెప్పును. వేఱొకటి యుండరాదా యని రెండవది యడిగించును. తరువాత నేమాయె నని యడుగ నేర్చినవాడే ఒకనాడు ఇట్లేల యాయె నని యడుగగలుగును. పసులకాపరి నోట దీక్షితులు పెట్టినది మొదటి ప్రశ్న. రెండవ ప్రశ్న దానికి చాల దూరములో లేదు.

ఈ ప్రభావము గ్రంథమును దాటి యెంత దూరము పోయినదో చూచుటకు, పామిడినుండి పెన్న వెంబడి దిగువకు, తాడిపత్రికి పోవలెను. ఆ యూర 1912 జూలై 1న జన్మించిన కదిరి వెంకటరెడ్డి, చలనచిత్ర ప్రపంచమున కె.వి.రెడ్డిగా ప్రసిద్ధుడు, 1972లో మరణించువఱకు తెలుగు చలనచిత్రమున కథ చెప్పు విధానమునకు ప్రమాణ మేర్పఱచెను. భక్త పోతన, యోగి వేమన (1947), గుణసుందరి కథ (1949) పిదప ఆయన విజయా సంస్థకు దర్శకత్వము వహించిన పాతాళభైరవి 1951 మార్చి 15న విడుదలయ్యెను. దానికి ఆధారము కాశీమజిలీ కథలలోని యొక కథ. అల్లావుద్దీను అద్భుతదీపపు కథాంశమును అందు కలిసినది. రచన పింగళి నాగేంద్రరావు, సంగీతము ఘంటసాల, ఛాయాగ్రహణము మార్కస్ బార్ట్‌లే. 1952లో బొంబాయియందు ఆరంభమైన భారతదేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున అది ప్రదర్శింపబడినది.

ఆ చిత్ర కథానాయకుడు ఉజ్జయినిలో తోటమాలి కొడుకు, తోటరాముడు. రాజకుమార్తెను కోరిన నేరమునకు రాజు అతనిని సంపద తెమ్మనును. సంపదకై పోయిన వానిని నేపాళ మాంత్రికుడు భైరవికి బలి యీయజూచును. రాముడు మాంత్రికునే బలియిచ్చి భైరవీ ప్రతిమను సాధించును. చేతికి వచ్చిన ప్రతిమను మరల పోగొట్టుకొనును. తన తెలివితోను, స్నేహితుని సాయముతోను మరల గెలుచును. కాశీమజిలీ చట్రములో వినువాడు పసులకాపరి. తెఱమీద కథ నడుపువాడు తోటమాలి కొడుకు. ఈ రెండింటి నడుమ నొక తార్కిక బంధము నాకు కనబడుచున్నది. అరుగు క్రింద కూర్చుండి వినిన బాలుడు లేచి కథలోనికి నడచిపోయినాడు. కె.వి.రెడ్డి బాల్యమున ఈ గ్రంథమును చదివెనా లేదా యను విషయముతో నా వాదమునకు పని లేదు. ఆ చిత్రమును చూచుటకు వచ్చిన ప్రేక్షకులు మజిలీ కథలు విని పెరిగినవారు. ఏ మలుపున ఊపిరి బిగబట్టవలెనో వారికి ముందే తెలియును. దర్శకుని నేర్పు సగము. శ్రోతల శిక్షణము సగము.

విజయా సంస్థాపకులలో నొకరు కడప జిల్లా పొట్టిపాడున పుట్టిన బి.నాగిరెడ్డి (1912-2004), మఱియొకరు చక్రపాణి (1908-1975). పాతాళభైరవికి నాలుగేండ్లు ముందుగా, 1947 జూలైలో, వీరిద్దఱును చందమామ మాసపత్రికను స్థాపించిరి. 1952లో ఆ పత్రికలో చేరి 2006 వఱకు పనిచేసిన దాసరి సుబ్రహ్మణ్యము (1932-2010) తోకచుక్కతో 1954లో ఆరంభించి వరుసగా సీరియలులు రచించిరి. ముగ్గురు మాంత్రికులు నందలి పింగళుడు చేపలు పట్టి జీవించువాడు. మజిలీ తుదిని కథ నాపి మఱునాటికి దాచు దీక్షితుల పద్ధతి ఇచట మాసము తుదిని కథ నాపి మఱు మాసమునకు దాచు పద్ధతి యైనది. ఈ సీరియలులు చాలకాలము రచయిత పేరు లేకయే వెలువడినవి. వేలకొలది పిల్లలు ప్రాణప్రదముగా చదివిరి. ఎవరు వ్రాసిరో ఎఱుగరు. పెద్దవారైన పిదప ఆయన పేరు తెలిసికొని పలువురు ఆశ్చర్యపడిరి. దీక్షితుల పేరు ముద్రితమైయుండియు చరిత్రలో మఱుగున పడెను. సుబ్రహ్మణ్యముగారి పేరు ముద్రితమే కాలేదు. బాల్యమున మనలను పెంచినవారికి మనము చూపిన కృతజ్ఞత ఈ పాటిది.

దీక్షితుల లోపములను దాచవలసిన పని లేదు. ఆయన కథలలో స్త్రీ పలుమార్లు సౌందర్యమునకో, మోసమునకో ప్రతీక మాత్రముగా నిలుచును. వర్ణధర్మములను ఆయన ప్రశ్నింపరు. కథల విస్తరము కొన్నిచోట్ల విసుగు పుట్టించును. అన్నిటికంటె గమనింపదగినది, పసులకాపరి పండ్రెండు సంపుటముల దారి పొడవునను అడుగునే గాని యొక్క కథయైనను తానుగా చెప్పడు. పసుల వెంట తిరిగినవానికి తెలిసిన కథలు తక్కువ కావు. మణి యతి చేతిలోనే యుండెను. దీక్షితులు శ్రోతకు అడుగు హక్కు నిచ్చిరి; చెప్పు హక్కు నీయలేదు. ఆ హక్కును పామిడి వంటి యూళ్లలోని వినువారు తామే తీసికొనిరి.

కనుక పరిశోధక విద్యార్థులు ఈ గ్రంథమును గూర్చి చేయవలసిన పని మూలాన్వేషణముతో ముగియదు. ఏ కథ కథాసరిత్సాగరమునుండి వచ్చినది, ఏది ప్రబంధమునుండి వచ్చినది యని చూచుట అవసరమే. కథ గ్రంథమునుండి అరుగుమీదికి దిగినపుడు ఏ మార్పు చెందినది, ఏ పాత్ర పేరు మాఱినది, ఏ రాజ్యము ఈ సీమ యూరుగా మాఱినది యని సేకరించుట అంతకంటె అవసరము. అందులకు తాళపత్రములు వెదకనక్కఱలేదు. పెద్దవారి వద్ద కూర్చుండి యడిగిన చాలును. కాని వారి సంఖ్య ఏటేట తగ్గుచున్నది. 2010 తరువాతి సంవత్సరములలో చందమామ ముద్రణయు నిలిచిపోయినది. మజిలీ కథలను చదివి వినిపించిన తరము దాదాపు వెళ్లిపోయినది. విన్న తరము వృద్ధాప్యమున నున్నది. గ్రంథము మరల ముద్రించుకొనవచ్చును గాని శ్రోతలను మరల ముద్రించుకొనలేము.

మా యింటి సంపుటమునకు చివరి పుటలు లేకుండుట లోపమని చాల కాలము తలచితిని. ఇప్పుడట్లు తలపను. ఆ పుటలే యుండినచో వినువారు లాంతరు ఆర్పి ఇండ్లకు పోయెడివారు. అవి లేకుండుటచేత వారు మాటలాడిరి. పేరెన్నిక గన్న కవులు మనకు గొప్ప పుటలు ఇచ్చిరి. మధిర సుబ్బన్న దీక్షితులు వానితోపాటు అడుగు అలవాటు నిచ్చిరి. ఏటిలో నీరు లేని సీమలో ఆ యలవాటు మూడు తరములు ఎండక నిలిచినది.